హిట్టు పెట్టె, మిస్సు పెట్టె

ఒక గాయకుడి జీవితకాలపు కృషి మొత్తం ఎన్ని పాటల్లో ఇముడుతుందన్న ప్రశ్నకు ఇంగ్లండు రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ విషయంలో ఇప్పటికి రెండుసార్లు అధికారికంగా జవాబు వెలువడింది. 1990లో ‘షేకింగ్ ద ట్రీ’ అనే సంకలనంలో 16 అని తేల్చారు. 2003లో ‘హిట్’ అనే సంకలనంలో ఆ అంచనాను సవరించి 30 అన్నారు; అందులో సరిగ్గా సగం పాటల నెత్తిన ‘మిస్’ అనే ముద్ర కొట్టారు. ఉద్యోగ జీవితమంతా దస్త్రాల మధ్య గడిపి, ఎవరి సర్వీసు రిజిస్టరులో ఏ పుట చిరిగిందో కరెంటు లేనప్పుడు కూడా చెప్పగలిగిన నాబోటివాడికి ఈ రెండు సంకలనాలూ సంగీతంగా కన్నా పరిపాలనా పత్రాలుగానే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. వాటిని ఆ దృష్టితో తనిఖీ చేసే బాధ్యతను నాకు ఎవరూ అప్పగించలేదు. అయినా ప్రజాహితం దృష్ట్యా స్వీకరిస్తున్నాను.

ముందుగా కేసు పూర్వాపరాలు. ప్రోగ్రెసివ్ రాక్ అనేది 1960ల చివర మొదలై 1970ల పూర్వార్ధంలో ఇంగ్లండులో వెలిగిపోయిన ఒక సంగీత సంప్రదాయం. మూడు నిమిషాల్లో ముగిసిపోయే పాట శ్రోతను అవమానిస్తుందన్నది దాని మూల విశ్వాసం. చార్టర్‌హౌస్ అనే ఖరీదైన బోర్డింగ్ స్కూలులో చదువుకుంటూ 1967లో తోటి విద్యార్థులతో కలిసి గేబ్రియల్ కట్టిన జెనెసిస్ బృందం ఈ విశ్వాసాన్ని ఎంత నిష్ఠగా పాటించిందంటే, 1972 నాటి ‘ఫాక్స్‌ట్రాట్’ ఆల్బమ్‌లో ‘సప్పర్స్ రెడీ’ అనే ఒక్క పాట దాదాపు 23 నిమిషాలు సాగి, ఎల్పీ రికార్డులో ఒక వైపును ఇంచుమించు మొత్తంగా మింగేసింది. భోజనం సిద్ధమని పిలిచి, విస్తరి ముందు అంతసేపు కూర్చోబెట్టడం మన పెళ్లిళ్లలోనే సాధ్యమని నేను అపోహపడుతూ వచ్చాను.

అదే సంవత్సరం డబ్లిన్‌లో జరిగిన కచేరీలో గేబ్రియల్ తన భార్య ఎర్ర గౌను తొడుక్కుని, తలకు నక్క ముఖం తగిలించుకుని, తోటి సభ్యులకు ముందుగా ఒక్క మాటైనా చెప్పకుండా వేదిక మీదికి వచ్చారు. ఆ తరువాత తల చుట్టూ పూరేకులు కట్టుకున్నారు, ముసలివాడి ముసుగు తొడిగారు. ‘ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ పర్యటన నాటికి ఒళ్లంతా గడ్డలు లేచిన స్లిప్పర్‌మన్ అనే ఆకారంలోకి దూరితే, ఆ గడ్డల మధ్య నుంచి మైకు నోటిదాకా వెళ్లడమే కష్టమైపోయింది. గాయకుడి ప్రధాన విధి పాడటమే అనుకునే సంకుచిత దృక్పథం ఆనాటి ఇంగ్లండులో లేదు.

ఇంత సుదీర్ఘమైన, ఇంత రంగురంగుల ఎనిమిదేళ్ల సేవలో నుంచి రెండు సంకలనాల్లోకీ ఎక్కిన పాటలు ఎన్ని? సున్న. నక్క లేదు, పువ్వు లేదు, 23 నిమిషాల భోజనం లేదు. సర్వీసు 1977 నుంచి మాత్రమే లెక్కకట్టారు. మాతృశాఖలో చేసిన ఎనిమిదేళ్లను ఇలా పింఛను లెక్కలోంచి కొట్టేస్తే మా ఉద్యోగుల సంఘం మధ్యాహ్న భోజన విరామంలో నినాదాలైనా చేసి ఉండేది. కానీ సంకలనకర్త ధర్మం వేరు. గతం బరువైనది, దాని నిడివి ఎక్కువ, పైగా దాని హక్కుల్లో మరి నలుగురు వాటాదారులు. ఒక జీవితాన్ని ఒక పెట్టెలో సర్దేటప్పుడు మొట్టమొదట బయట పెట్టవలసింది ఆ జీవితాన్నే అన్న సూత్రం ఇక్కడ ఎంతో చక్కగా అమలైంది.

రెండు సంకలనాలూ ఒకే పాటతో మొదలవుతాయి. ఆ పాట ‘సాల్స్‌బరీ హిల్’. 1977లో గేబ్రియల్ సొంతంగా విడుదల చేసిన తొలి సింగిల్, అంటే విడిగా అమ్మే పాట, అది. బాత్ నగరం పక్కనున్న ఒక కొండ మీద నిలబడి, జెనెసిస్‌ను ఎందుకు వదిలేశారో చెప్పుకున్న పాట. అంటే ఈ సర్వీసు రిజిస్టరులో మొదటి పుటగా కుట్టినది నియామక పత్రం కాదు, రాజీనామా లేఖ. నా అనుభవంలో ఇలాంటి రిజిస్టరు మరొకటి చూడలేదు. లేఖ మాత్రం బహు చక్కనిది. చాలా భాగం ఏడు మాత్రల లెక్కలో నడిచే ఆ పాట, నాలుగుకు మించి లెక్కపెట్టే అలవాటు లేని అక్కడి పాదాలను కొంచెం తడబెట్టింది. మిశ్రచాపులో కీర్తనలు వింటూ పెరిగిన చెవికి మాత్రం అది ఇంటి గుమ్మంలా తగులుతుంది. బ్రిటన్ అమ్మకాల జాబితాల్లో 13వ స్థానం దాకా వెళ్లింది. రాజీనామా లేఖకు అంతటి ఆదరణ దక్కడం మా శాఖలో ఊహించలేని విషయం.

ఇక సంకలనం చేసేవాడికి ఎదురయ్యే అసలు చిక్కు దగ్గరికి వస్తాను. పీటర్ గేబ్రియల్ 1977లో వెలువరించిన మొదటి సొంత ఆల్బమ్ పేరు ‘పీటర్ గేబ్రియల్’. 1978లో వచ్చిన రెండోదాని పేరు ‘పీటర్ గేబ్రియల్’. 1980లో మూడోది, 1982లో నాలుగోది. పేర్లు పాఠకులు ఊహించగలరు. పత్రికకు ప్రతి సంచికలో వేరే పేరు పెట్టరు కదా, ఆల్బమ్‌కు మాత్రం ఎందుకన్నది ఆయన వాదన. వాదనలో తప్పు లేదు, కానీ పత్రికల మీద తేదీ ఉంటుంది. నలుగురు కొడుకులకూ ఒకే పేరు పెట్టి బడికి పంపిన తండ్రిని హాజరుపట్టీ రాసే ఉపాధ్యాయుడు ఎలా చూస్తాడో, దుకాణాల వాళ్లు ఈయనను అలా చూశారు. చివరికి శ్రోతలే అట్టమీది బొమ్మలను బట్టి కారు, గీరు, కరుగు అని అర్థం వచ్చే ముద్దుపేర్లు పెట్టుకుని కాలక్షేపం చేశారు. మొదటి అట్ట మీద వాననీటి చుక్కలు పడిన కారు, రెండోదాని మీద గోళ్లతో కాగితాన్ని గీరుతున్న మనిషి, మూడోదాని మీద సగం ముఖం కొవ్వొత్తిలా కారిపోతున్న ఆయన ఫొటో. నాలుగోదానికి అమెరికాలోని గెఫెన్ సంస్థ ఇక ఓర్చుకోలేక ‘సెక్యూరిటీ’ అని తానే ఒక పేరు తగిలించింది. భద్రత అని అర్థం. కంపెనీ మనోవ్యథ ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ తరువాత ఆయన కొంత మెత్తబడి పేర్లు పెట్టడానికి ఒప్పుకున్నారు. 1986లో ‘సో’. 1992లో ‘అస్’. 2002లో ‘అప్’. ఇంగ్లీషులో ఒక్కోదానికి రెండేసి అక్షరాలు. దరఖాస్తు ఫారంలో ఖాళీ వదలకూడదన్న నిబంధనను అక్షరాలా పాటించి, అంతకు మించి ఒక్క అక్షరమైనా అదనంగా రాయని దరఖాస్తుదారులు నాకు బాగా పరిచయం.

ఇలా తనను ఒక మాటలో చెప్పే ఏ ప్రయత్నానికీ చిక్కకుండా పాతికేళ్లుగా వేషం మార్చి, బృందం వదిలి, పేరు దాచి తప్పించుకు తిరిగిన మనిషిని 1990లో ఎట్టకేలకు పట్టుకుని ‘షేకింగ్ ద ట్రీ: సిక్స్‌టీన్ గోల్డెన్ గ్రేట్స్’ అని అట్ట మీద రాశారు. పదహారు బంగారు పాటలట. టీవీలో వంటపాత్రల ప్రకటనకూ తలనొప్పి మాత్ర ప్రకటనకూ మధ్య అమ్ముడయ్యే పాటల మూటలకు పెట్టే పేరు అది. దాన్ని కావాలని వెక్కిరింతగా పెట్టుకున్నారని నా గట్టి అనుమానం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు మన పెద్దలు. ఆ లెక్కన పదహారు మెతుకులంటే ఉదారమే. కాకపోతే అన్నం అంతా ఒకే గిన్నెలో వండినప్పుడే ఆ సామెత పనిచేస్తుంది.

గిన్నెల వారీగా కేటాయింపు చూద్దాం. బాగా అమ్ముడైన ‘సో’ ఆల్బమ్‌కు ఐదు సీట్లు. మూడో పీటర్ గేబ్రియల్‌కు నాలుగు. నాలుగో పీటర్ గేబ్రియల్‌కు మూడు. మొదటి పీటర్ గేబ్రియల్‌కు రెండు, అందులో ఒకటి తిరిగి పాడినది. ఒక సినిమాకు చేసిన ‘పాషన్’ సంగీతం నుంచి ఒకటి, సెనెగల్ గాయకుడు యూసూ ఎన్‌దూర్‌తో కలిసి పాడినది ఒకటి. మొత్తం 16. రెండో పీటర్ గేబ్రియల్‌కు మాత్రం ఒక్క సీటు కూడా దక్కలేదు. కింగ్ క్రిమ్సన్ బృందపు రాబర్ట్ ఫ్రిప్ చేతుల మీదుగా తయారైన ఆ ఆల్బమ్‌కు పదహారింటిలో ఒక చోటైనా ఎందుకు లేకపోయిందో ఎక్కడా వివరణ ఇవ్వలేదు. నలుగురు కొడుకుల్లో రెండోవాడు ఫొటోలో లేని కుటుంబాలను మనం చూస్తూనే ఉంటాం. ఆ ఇళ్లలో ఎవరూ కారణం అడగరు.

మూడోవాడి కథ ఇంతకన్నా ఆసక్తికరం. 1980 నాటి ఆ ఆల్బమ్‌ను విన్న అమెరికాలోని అట్లాంటిక్ సంస్థ ఇది అమ్ముడయ్యే సరుకు కాదని వదులుకుంది. దానిని మరో సంస్థ విడుదల చేసింది. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి వెళ్లింది, అందులోని ‘గేమ్స్ వితవుట్ ఫ్రాంటియర్స్’ సింగిల్‌గా 4వ స్థానం చేరింది. సరుకు కాదన్నదాని నుంచి పదేళ్ల తరువాత నాలుగు బంగారు పాటలు ఏరారు. అందులో కూడా అసలైనది వదిలేశారని నా ఫిర్యాదు. ఆ ఆల్బమ్ మొత్తంలో డ్రమ్ముల దగ్గర సింబల్స్ అనే తాళాలను గేబ్రియల్ నిషేధించారు. మొదటి పాట ‘ఇంట్రూడర్’లో జెనెసిస్ నాటి పాత మిత్రుడు ఫిల్ కాలిన్స్ వాయించిన డ్రమ్ము, గుహలో పిడుగు పడి మరుక్షణమే ఎవరో గుహ తలుపు మూసినట్లు, మోగీ మోగగానే తెగిపోతుంది. తరువాతి పదేళ్లలో పాప్ సంగీతంలో సగం డ్రమ్ములు ఆ తలుపు చప్పుడును అరువు తెచ్చుకున్నాయి. లోకమంతా వాడుకున్న ఆ చప్పుడు మాత్రం రెండు సంకలనాల్లోనూ లేదు. ఫైలులో ముఖ్యమైన కాగితం ఎప్పుడూ ఫైలులో ఉండదన్నది నా వృత్తి జీవితంలో నేను నేర్చిన ఏకైక సత్యం.

ఇప్పుడు ‘హియర్ కమ్స్ ద ఫ్లడ్’ వ్యవహారం. దీని మీద కొంచెం నిదానంగా మాట్లాడాలి. 1977లో ఈ పాటను బాబ్ ఎజ్రిన్ నిర్మాణంలో రికార్డు చేసినప్పుడు గిటార్లు, డ్రమ్ములు, భారీ హంగు అన్నీ కలిసి వరదకు తగ్గ వరద తెప్పించాయి. గేబ్రియల్‌కు ఆ హంగు నచ్చలేదు. 1979లో రాబర్ట్ ఫ్రిప్ సొంత ఆల్బమ్ ‘ఎక్స్‌పోజర్’లో అదే పాటను చాలా పలచగా మళ్లీ పాడారు. 1990లో సంకలనం వేసే వేళ ముచ్చటగా మూడోసారి, దాదాపు పియానో మీదనే ఆధారపడి పాడి, దాన్నే పదహారింటిలో చేర్చారు. 2003 సంకలనంలోకీ ఆ మూడోదే వచ్చింది. అంటే గత వైభవాన్ని గుర్తుచేసే ఉద్దేశంతో తయారైన పెట్టెలో, ఆ గతంలో లేని వస్తువును పెట్టి, దాని మీద గతం అని చీటీ అంటించారు. ఇరవై ఏడేళ్ల కుర్రవాడు రాసిన అర్జీని నలభై ఏళ్ల పెద్దమనిషి చిత్తు తీసి, సాపు రాసి, పాత తేదీతోనే దాఖలు చేశారన్నమాట. మా కార్యాలయంలో దీనిని వేరే పేరుతో పిలుస్తారు, దానికి ఛార్జి మెమో కూడా ఉంటుంది.

న్యాయంగా చెప్పాలంటే మూడోసారి పాడినదే గొప్పది. వరద వచ్చేముందు ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లు ఎరుగుదురు. ఆ నిశ్శబ్దం 1977లో లేదు, 1990లో ఉంది. కాని తనిఖీ అధికారిగా నేను గొప్పదనాన్ని పరిగణనలోకి తీసుకోలేను.

ఈ సాపు రాసే అలవాటు ఆయనకు అప్పుడప్పుడు వచ్చేది కాదు, స్వభావసిద్ధమైనది. 1983లో వచ్చిన కచేరీ ఆల్బమ్ ‘ప్లేస్ లైవ్’ అట్ట మీది వివరాల్లో, కచేరీ అయిపోయాక కొంత భాగం ఇంటికి దగ్గరలో తిరిగి రికార్డు చేశామనీ, ఈ ప్రక్రియను సాధారణంగా మోసం అంటారనీ ఆయనే ఒప్పుకున్నారు. 1998లో జెనెసిస్ పాత రికార్డింగులను పెట్టెగా వేసినప్పుడు, 1975 జనవరిలో లాస్ ఏంజలెస్‌లో జరిగిన కచేరీకి ఆయన చాలా మటుకు కొత్తగా గొంతు పాడి ఇచ్చారు. ఆనాటి వాయిద్యాలు, ఆనాటి చప్పట్లు, ఇరవై ఏళ్లు పైబడిన తరువాతి గొంతు. చప్పట్లు కొట్టినవారిలో ఎవరినీ తిరిగి పిలిచి, కొత్త గొంతుకు కూడా కొడతారా అని అడిగిన దాఖలా లేదు.

2003లో వచ్చిన రెండో సంకలనం పేరు ‘హిట్’. రెండు డిస్కులు. మొదటి డిస్కు మీద ‘హిట్’ అని, రెండోదాని మీద ‘మిస్’ అని రాసి ఉంటుంది. దేశాన్ని బట్టి పాటల జాబితాలో కొద్దిపాటి తేడాలున్నందున, నేను మాట్లాడేది బ్రిటన్ ముద్రణ గురించేనని ముందే మనవి చేస్తున్నాను. ప్రపంచంలోని అన్ని సంకలనాలకూ రెండో డిస్కు ఒకటి ఉండనే ఉంటుంది, దాని మీద ‘మిస్’ అని రాసే ధైర్యం మాత్రం వేరెవరికీ ఉండదు. అమ్మే వస్తువు మీదనే ఇందులో సగం తగలలేదని రాసి అదే ధరకు అమ్మడం వర్తక శాస్త్రంలో కొత్త అధ్యాయం. మన కిరాణా కొట్లలో ఎవరైనా బియ్యపు బస్తా మీద సగం రాళ్లు అని రాయించగలరేమో చూడండి.

నా వంటివాడికి ఆసక్తి కలిగించేది పదోన్నతులు, తగ్గింపులు. ‘శాన్ హసింటో’, ‘ఐ హావ్ ద టచ్’ అనే రెండు పాటలు 1990లో బంగారు పాటలు. పదమూడేళ్ల తరువాత అవే రెండూ ‘మిస్’ డిస్కులోకి దిగిపోయాయి. మధ్యలో అవి చేసిన నేరం ఏమిటో, విచారణ ఎవరు జరిపారో తెలిపే కాగితం లేదు. ఎవరో ఎవరినో మెప్పించలేదని బంగారాన్ని పదమూడేళ్లకు ఇత్తడిగా రికార్డుల్లో సవరించడం మా దగ్గర జిల్లా స్థాయిలో జరిగేది. ఇది అంతర్జాతీయ స్థాయి. మరోవైపు, 1990లో గడప కూడా తొక్కనివ్వని రెండో పీటర్ గేబ్రియల్ నుంచి ‘డి.ఐ.వై.’ అనే పాటకు 2003లో ప్రవేశం దొరికింది, అదీ ‘మిస్’లో. పాతికేళ్ల నిరీక్షణ తరువాత కుటుంబ ఫొటోలోకి పిలిచి, చివరి వరుసలో, స్తంభం వెనక నిలబెట్టారు.

‘హిట్’ డిస్కులో వింతలు ఇంకా ఎక్కువ. ‘బర్న్ యూ అప్, బర్న్ యూ డౌన్’ అనే పాట ‘అప్’ ఆల్బమ్‌లోంచి ఆఖరి నిమిషంలో తప్పించినది. తరువాతి ఏడాది సంకలనంలో అది నేరుగా హిట్‌గా దర్శనమిచ్చింది. ఆల్బమ్‌కు పనికిరాని పాట, ఆల్బమ్‌లలోని ఉత్తమమైన వాటి సరసన కూర్చుంది. పరీక్షే రాయని అభ్యర్థి మెరిట్ జాబితాలో కనిపించడం గురించి వ్యాఖ్యానించే అలవాటు తెలుగువారికి చాలా ఉంది గనుక నేను విడిచిపెడుతున్నాను.

‘స్లెడ్జ్‌హామర్’ సంగతి వేరు. అది ఎవరు ఏ కొలబద్దతో కొలిచినా హిట్టే. 1986 జూలైలో అమెరికా జాబితాలో అది మొదటి స్థానానికి ఎక్కినప్పుడు, కిందికి తోసినది ఎవరిననుకుంటున్నారు? తాను వదిలి వచ్చిన జెనెసిస్ వారి ‘ఇన్విజిబుల్ టచ్’ను. మాతృశాఖ మీద ఇంతటి తియ్యని ప్రతీకారం తీర్చుకున్న ఉద్యోగి చరిత్రలో అరుదు. ఆ పాట వీడియో కోసం ఆయన గాజుపలక కింద 16 గంటలు పడుకుని, ముఖం మీద పళ్లూ కూరగాయలూ ఒక్కో ఫ్రేమూ జరుపుతుంటే భరించారు. ఫలితంగా 1987లో ఒకే రాత్రి తొమ్మిది ఎంటీవీ పురస్కారాలు వచ్చాయి. పదిహేనేళ్ల కిందట నక్క ముఖం ఎందుకని అడిగినవారికి సమాధానం దొరికింది. డిస్కులో ఈ గాజుపలక కనిపించదు, పాట మాత్రమే వినిపిస్తుంది.

‘బీకో’ దగ్గర నా కలం కొంచెం ఆగింది. దక్షిణాఫ్రికాలో నల్లజాతీయుల హక్కుల కోసం నిలబడి, 1977 సెప్టెంబరు 12న పోలీసు నిర్బంధంలో ప్రాణం పోగొట్టుకున్న స్టీవ్ బీకో మీద రాసిన పాట అది. ఆ దేశ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. బ్రిటన్‌లో అది 38వ స్థానం దాటి పైకి వెళ్లలేదు. లెక్క ప్రకారం 38 అంటే మిస్. కానీ ‘బీకో’ను ‘హిట్’ డిస్కులోనే పెట్టారు. నిబంధనకు విరుద్ధమని పెన్సిలుతో పక్కన ఒక గీత గీశాను, మళ్లీ చెరిపేశాను.

ఇక మిస్ అనే మాట. తెలుగులో మనం ఈ మాటను గురి తప్పడం అనే అర్థంలో కన్నా, అందకుండా పోవడం అనే అర్థంలో ఎక్కువగా వాడతాం. బస్సు మిస్సయింది అంటాం, మనిషిని మిస్సయ్యాం అంటాం. ఆ తెలుగు అర్థంలో రెండో డిస్కు విన్నప్పుడు సంకలనకర్త మీద నా అభిప్రాయం కొంత మారింది. అందులో ‘ఫాదర్, సన్’ ఉంది, ముసలితండ్రితో గడిపిన కొద్ది రోజుల గురించి. ‘ఐ గ్రీవ్’ ఉంది, పోయినవారి గురించి. ‘సిగ్నల్ టు నాయిస్’ ఉంది, అందులో పాకిస్తాన్ కవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీ ఖాన్ గొంతు ఉంది. ఖాన్‌సాహెబ్ 1997 ఆగస్టులో మరణించారు. పాట ‘అప్’ ఆల్బమ్‌లో వెలుగు చూసింది 2002లో. అలా ఆయన ఆలాపన ఆయన వెళ్లిపోయిన అయిదేళ్లకు మన దాకా వచ్చి, మరుసటి ఏడాదే ‘మిస్’ డిస్కులో చేరింది. ఉపఖండం మొత్తంలో అంత ఎత్తు నుంచి పాడిన గొంతు మరి ఒకటో రెండో ఉంటాయి. ఆ గొంతున్న పాటను తగలని వాటిలో జమకట్టిన గుమాస్తా ఎవరో గానీ, వారికి ఏ ఇంక్రిమెంటూ ఆపనక్కరలేదు. మిస్ అన్న మాట అర్థం అక్కడ వారికే ఎక్కువగా తెలిసినట్లుంది.

ఇదే చోట మరో లోపాన్ని నమోదు చేయాలి. గేబ్రియల్ జీవితంలో పెద్ద పనులుగా నేను లెక్కించేవాటిలో కొన్ని ఆయన పాడినవే కావు. 1982లో ప్రపంచ దేశాల సంగీతకారులను ఒకచోట చేర్చి షెప్టన్ మాలెట్‌లో ‘వోమాడ్’ ఉత్సవం మొదటిసారి జరిపారు. నష్టం నెత్తిమీదికి వచ్చింది. ఆ అప్పు తీర్చడానికి జెనెసిస్ పాత మిత్రులు అక్టోబరు 2న మిల్టన్ కీన్స్‌లో ఒక్క రోజు కోసం తిరిగి కలిశారు. కుండపోత వానలో గేబ్రియల్‌ను శవపేటికలో మోసుకొచ్చి వేదిక మీద దించారు. మాతృశాఖ పెద్దమనసు అలాంటిది. ఆ తరువాత విల్ట్‌షైర్‌లోని ఒక పల్లెలో పాత నీటిమర దగ్గర స్టూడియో కట్టి, 1989లో ‘రియల్ వరల్డ్’ రికార్డు సంస్థ ప్రారంభించారు. ఆ పల్లె పేరు బాక్స్. పెట్టె. నేను కల్పించి చెప్పడం లేదు, పటంలో చూసుకోవచ్చు. నుస్రత్ ఆల్బమ్‌లను ఆ పెట్టెలోంచే పడమటి లోకం విన్నది. పాలకొల్లులో పుట్టి, కర్ణాటక సంగీతాన్ని మాండలిన్ తీగల మీదికి ఎక్కించిన మన యు. శ్రీనివాస్ ‘రామ శ్రీరామ’ 1994లో, మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ 1995లో ఆ సంస్థ నుంచే వచ్చాయి. త్యాగరాజస్వామి రాముణ్ని ఏ ఊళ్లో వెతికారో గానీ, నీటిమర పక్కన ఉంటాడని ఊహించి ఉండరు. ఈ పద్దు గేబ్రియల్ సర్వీసు రిజిస్టరులో ఏ డిస్కులోనూ లేదు. ఉండే వీలూ లేదు. ఇతరుల పాటలకు తలుపు తీసి పట్టుకున్నవాడి చెయ్యి రికార్డులో వినబడదు.

సంకలనాల భవిష్యత్తును స్వయంగా దెబ్బ తీసిన ఘనత కూడా ఈయనదే. ‘హిట్’ రావడానికి కొన్నేళ్ల ముందే, పాటలను ఇంటర్నెట్ మీద విడివిడిగా అమ్మే ‘ఓడీ2’ అనే సంస్థ స్థాపనలో ఆయన భాగస్వామి. కావలసిన పాటను విడిగా కొనుక్కునే వీలు ప్రజలకు ఒక చేత్తో కల్పించి, మరో చేత్తో ముప్పై పాటల పెట్టెను వారి ముందు పెట్టడం కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. సంకలనం పేరు ‘షేకింగ్ ద ట్రీ’, చెట్టును ఊపడం, అని ఆయన ముందే హెచ్చరించారు.

విడివిడిగా ఏరుకోవడం మనకు కొత్త కాదు. ఇరవయ్యో శతాబ్దం చివరి దాకా మా ఊరి క్యాసెట్ల దుకాణంలో కావలసిన పాటల చీటీ రాసిచ్చి, ఖాళీ క్యాసెట్టు డబ్బు కట్టి వస్తే, రెండు రోజుల్లో సొంత సంకలనం చేతికి వచ్చేది. ఒక వైపు 30 నిమిషాలు. టేపు అయిపోయిన చోట పాట తెగిపోయేది. ఆఖరి పాటను పూర్తిగా విన్నవారు మా వీధిలో ఎవరూ లేరు. చీటీలో 23 నిమిషాల పాట ఒకటి చేర్చి ఉంటే, దుకాణదారు తనకు తెలిసిన అన్ని భాషల్లోనూ నాకు బదులు చెప్పి ఉండేవాడు.

మూడో సంకలనం గురించి అధికారిక ప్రకటన ఏదీ లేదు. అయినా దాన్ని సర్దబోయే వ్యక్తి మీద నాకు ఇప్పటి నుంచే జాలి. ఎందుకంటే 2002 తరువాత 21 ఏళ్లకు, 2023 డిసెంబరు 1న, గేబ్రియల్ కొత్త పాటల ఆల్బమ్ ‘ఐ/ఓ’ వచ్చింది. మళ్లీ రెండే అక్షరాలు, మధ్యలో ఒక గీత. అందులో పాటలు 12. ప్రతి పాటకు రెండు స్టీరియో రూపాలు: ఒకటి వెలుగు వైపు మిక్స్, రెండోది చీకటి వైపు మిక్స్. హిట్టో మిస్సో తేల్చే పనిని ఈసారి పుట్టుకలోనే రెండుగా చీల్చి మన మీదికి నెట్టారు. పైగా ఆ ఏడాది జనవరి 6 నుంచి ప్రతి పౌర్ణమికి ఒక పాట చొప్పున విడుదల చేశారు.

ఇంగ్లండులో దీన్ని కవితాత్మకమైన ఊహగా తీసుకున్నారు. తెలుగువాడు దీన్ని పంచాంగంతో చూడవలసి ఉంటుంది, చూశాను. జనవరి నుంచి నవంబరు ఆఖరు దాకా పదకొండు నెలల్లో పన్నెండు పౌర్ణములు దొరికితేనే డిసెంబరు 1కి పన్నెండు పాటలూ పూర్తవుతాయి. దొరికాయి, ఎందుకంటే శోభకృత్ నామ సంవత్సరంలో శ్రావణం రెండుసార్లు వచ్చింది, ఆగస్టులో ఇద్దరు పూర్ణచంద్రులు ఉదయించారు. అంటే ఈ ఆల్బమ్ మన అధిక మాసం ఆసరాతో గడువులో ముగిసింది. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఆగస్టు 1న, సరిగ్గా అధిక శ్రావణ పౌర్ణమి నాడు, ‘ఆలివ్ ట్రీ’ అనే పాటను విడుదల చేశారు. అధిక మాసంలో పెళ్లిళ్లు చేయం, గృహప్రవేశాలు చేయం, చెవులు కూడా కుట్టించం. అటువంటి నెలలో శుభమా అని లోకంలోకి వచ్చిన పాటను రేపు ‘హిట్’లో వేయాలా ‘మిస్’లో వేయాలా, వెలుగు మిక్స్ వేయాలా చీకటి మిక్స్ వేయాలా అన్నది మా వీధి సిద్ధాంతిగారిని అడిగాను. ఆయన పాట ఒకసారి వినిపించమన్నారు. విని, మళ్లీ పెట్టమన్నారు. ఫైలు ప్రస్తుతం ఆయన దగ్గరే పెండింగులో ఉంది.